సుశీల చెరిపిన పడుగు

బెంగళూరు కబ్బన్‌పేటలో రాజగోపాల్ కార్ఖానాకి బోర్డు లేదు. ఊళ్ళోవాళ్ళ తలుపులకీ ఫ్యాక్టరీల మిషన్లకీ పేర్ల రేకులు చేసిచ్చే మనిషి, తన గుమ్మానికి మాత్రం ఒక ముక్క కొట్టుకోలేదు. "తెలిసినోళ్ళు వెతుక్కోని వస్తారు. తెలీనోళ్ళతో మనకేం పని?" అనేవాడు. ఆ కార్ఖానాలో సుశీల 1992లో చేరింది.

అంతకుముందు ఆమెది మగ్గం పని. తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి పేటలో స్థిరపడ్డ తెలుగు నేత కుటుంబం వాళ్ళది. తండ్రి కృష్ణప్ప మగ్గాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు వేలాడవచ్చో అన్నాళ్ళూ వేలాడాడు. నూలు పిరమవుతూ పోయింది, చీర కొనే షావుకారు మాత్రం పాత రేటు దగ్గరే కూర్చున్నాడు. చివరికి మగ్గం విప్పి కట్టెలు అమ్మేసి, నేలలో ఉన్న గుంటని సిమెంటుతో పూడ్చేశారు. ఇప్పుడు ఆ గుంట మీదే టీవీ స్టాండు. సుశీల భర్త తిరుపాలు ఆటో నడుపుతాడు, మామగారింట్లోనే ఉంటాడు. "నేను ఇల్లరికం వచ్చిన దినం మగ్గం సద్దుకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు మా మామ గురకకు పట్టదు. ఈ ఇంటికి నిద్ర రాసిపెట్టలేదప్పా" అని ఆటో స్టాండులో చెప్పుకునేవాడు.

కార్ఖానాలో పని ఇదీ. అల్యూమినియం రేకుని ఆసిడ్ తొట్టిలో ముంచి కరెంటు పెడితే, రంగు పీల్చుకునే పొర ఒకటి దాని మీద ఏర్పడుతుంది. దాని మీద ఫిల్మ్ పరిచి, వెలుతురు చూపించి, నల్లరంగులో ముంచి, ఆఖర్న మరిగే నీళ్ళలో వేస్తే బొమ్మ లోహంలోకి దిగిపోతుంది. తడిగుడ్డతో తుడిచినా పోదు, ఎండకు వెలిసిపోదు. మేకుతో గీస్తే మాత్రం లోపలి లోహం తెల్లగా బయటపడుతుంది. అట్లా గీతపడ్డ రేకులు అమ్మకానికి పనికిరావు, మూలన పడేస్తారు.

సుశీల మొదట ఆసిడ్ తొట్టి దగ్గర పనిచేసింది. గ్లౌజులు అడిగితే రాజగోపాల్ "చూద్దాం" అనేవాడు. అతను చెడ్డవాడేం కాదు. పనిచేసేవాళ్ళ చేతుల గురించి ఆలోచించడం ఖర్చుల్లోకి వస్తుందని నమ్మే వేలమంది యజమానుల్లో ఒకడు, అంతే. వేళ్ళ చర్మం ఊడిపోవడం మొదలయ్యాక ఆమె తనంతట తనే టచింగ్ పని నేర్చుకుంది. రేకుకు పెట్టే ఫిల్మ్‌ని ఫొటో ప్రింటు నుంచి తీస్తారు. ఆ ప్రింటు మీద మచ్చలు, దుమ్ము పడ్డ చుక్కలు, నెగటివ్ రాసుకుపోయి పడ్డ తెల్లగీతలు ఉంటాయి కదా, వాటిని సన్నటి కుంచెతో, నీళ్ళరంగుతో చుట్టూ ఉన్న నలుపులో కలిపేసే పని అది. నూలుపోగులో ముడి కనబడకుండా వేసిన చేతికి అది తొందరగానే పట్టుబడింది. ఎక్కడ చెయ్యి పెట్టిందో తెలియకుండా చెయ్యడమే ఆ పనిలో గొప్ప. రాజగోపాల్ కూడా ఒప్పుకునేవాడు: "సుశీలమ్మ టచింగ్ చేస్తే ఫొటో తీసినోడికే తెలీదు."

2001లో పేటలో ఒక పాత ఫొటో స్టూడియో మూసేస్తూ ఉంటే, రాజగోపాల్ పెట్టెడు నెగటివ్‌లు తెచ్చాడు. అన్నీ పాత బెంగళూరు వీధులు. అప్పటికి వైట్‌ఫీల్డ్, కాడుగోడి వైపు ఫ్లాట్లు లేస్తున్నాయి. పెద్ద పెద్ద హాళ్ళు, ఖాళీ గోడలు. పాత వీధిని లోహం మీద అచ్చువేయించి ఒక ఇంజనీరు తన హాల్లో తగిలించుకున్నాడు, చూసిన పక్కింటివాళ్ళకీ కావాలనిపించింది. అట్లా మొదలైంది. పేర్ల రేకుల కంటే వీధుల బొమ్మలే ఎక్కువ అమ్ముడుపోసాగాయి.

అయితే వీధిని వీధిలాగా ఎవరూ అడగలేదు.

"కరెంటు తీగలు తీసెయ్ సుశీలమ్మా" అనేవాడు రాజగోపాల్ ప్రింటు మీద వేలుపెట్టి. "గుర్రబ్బండి ఉండనీ. గుర్రం వేసిన లద్దె తీసెయ్. ఈ గుడ్డలు ఆరేసిన తాడు బేకాగిల్ల, అదీ తీసెయ్. ఇదో, ఈ తట్ట మోసే ఆమెను కూడా..."

"ఆమె ఏం చేసిందన్నా?"

"మొగం సరిగా లేదు కదా."

"తట్ట మోస్తా ఉంటే ఎవురి మొగం సరిగా ఉంటాది?"

"నువ్వు యూనియన్ మాటలు మాట్లాడొద్దు తల్లీ. సోఫా కొనేసినారు, దానికి పొందిక పడాల."

సుశీల నవ్వి, తట్ట మోసే ఆమెను గోడలో కలిపేసేది. వీధిని ఊడ్చినవాళ్ళు, వీధిలో అమ్మినవాళ్ళు, వీధిలో పడుకున్నవాళ్ళు అందరూ అట్లాగే పోయారు. మిగిలినవి రాళ్ళు, తలుపులు, గుర్రాలు. చరిత్ర పేరుతో మనం గోడలకు తగిలించుకుంటున్నది ఇదేనని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు. సుశీలను మాత్రం తప్పుపట్టను. ఆమె కూలికి చేసింది.

ఇట్లా చేతికి వచ్చినవాటిలో ఒక సన్నటి సందు బొమ్మ ఉంది. పొద్దుటెండ, పెంకుటిళ్ళు, ముందు చెక్కడం పని ఉన్న పెద్ద తలుపు. సందు పొడవునా రెండువైపులా ఆడా మగా నిలబడి ఉన్నారు. ప్రింటు మీద ఈ చివర నుంచి ఆ చివరకు తెల్లటి సన్నగీతలు, ఒకదాని పక్కన ఒకటి బోలెడు. కెమెరాలో ఫిల్మ్ ఈడ్చుకుపోయినప్పుడు సరిగ్గా అట్లాగే పడతాయి. అన్నీ పోయి కలిసే చోట, సందు చివర తెల్లటి మచ్చ. సుశీల వారంపైన కూర్చుని గీతలన్నీ పూడ్చింది, మచ్చను గోడ రంగులో కలిపేసింది. చూడటానికి బ్రహ్మాండంగా వచ్చింది. కానీ జనం ఎందుకు అట్లా చేతులు ముందుకు పెట్టుకుని నిలబడ్డారో ఆమెకూ తెలియలేదు, రాజగోపాల్‌కూ తెలియలేదు.

"ఊరేగింపుకు కాచుకోని ఉండారు" అని తేల్చేశాడు రాజగోపాల్. రేకు కింద అదే పేరు వేయించాడు: ఊరేగింపు కోసం ఎదురుచూపు.

కాడుగోడి నుంచి వర్షిణి, కౌశల్ అనే జంట వచ్చారు. ఇద్దరిదీ సాఫ్ట్‌వేర్. ఆ అమ్మాయిది విజయవాడ.

"అంకుల్, ఇది ఏ ప్రొసెషన్?" అంది వర్షిణి.

"రాజావారిదమ్మా."

"ఏ రాజావారు?"

"అప్పటి రాజావారు."

కౌశల్ నవ్వాపుకుంటూ, "అంటే ఎవరొస్తున్నారో మీకూ తెలీదు, వాళ్ళకీ తెలీదు. మా ప్రాజెక్టు మీటింగులా ఉందండీ. ప్యాక్ చేసేయండి" అన్నాడు.

ఆ బొమ్మ అన్నిటికంటే ఎక్కువ పోయింది. ఒకదానికి మూల సొట్ట పడితే రాజగోపాల్ సుశీలకే ఇచ్చేశాడు. ఆమె దాన్ని ఇంట్లో టీవీ పైన తగిలించింది. ఆ ఇంట్లో అప్పటిదాకా గోడ మీద దేవుడి పటాలు, పోయినవాళ్ళ ఫొటోలు తప్ప ఇంకేం లేవు. తిరుపాలు చూసి, "ఇందులో మనోళ్ళు ఎవురు చచ్చిపోయినారే? బొట్టు ఎవురికి పెట్టాల?" అన్నాడు.

"ఊరికే అందానికి బావా."

"అందానికా! సరే, ఈ ఇంట్లో నేనొక్కడే చాలదనుకున్నావు."

కృష్ణప్ప భోజనం చేసి చెయ్యి కడుక్కుని వచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ దాని ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"అమ్మా సుశీలా, పడుగు ఏమాయె?"

"ఏ పడుగు నాయనా?"

"వాళ్ళు పట్టుకోని ఉండే పడుగు. చేతులు చూడు. ఈ చెయ్యి పోగులు విడదీస్తా ఉండాది. ఇదో, ఈయన వంగి గంజి కుంచె ఈడుస్తా ఉండాడు. పడుగు లేకుండా గంజి యాడ పూస్తాడు, గాలికా?"

అప్పుడు చెప్పాడాయన. యంత్రాల మీద చుట్టిన పడుగు రాకముందు, చీరకు నిలువుపోగులన్నీ సందులోనే సాగదీసేవాళ్ళు. పొద్దున్నే సందు చివరి రాతిగుంజకు ఒక కొస కట్టి, ఇంకో కొస సందు మొదట్లో కట్టి, మధ్యలో అన్ని ఇళ్ళవాళ్ళూ రెండువైపులా నిలబడి, పోగులు విడదీస్తూ గంజి పట్టించేవాళ్ళు. ఈరోజు ఒకరి ఇంటి పడుగు, రేపు ఇంకొకరిది. ఎవరిదైనా సందంతా వచ్చి నిలబడాల్సిందే. సుశీలకు జ్ఞానం వచ్చేసరికి ఆ పద్ధతి పోయింది, అందుకే ఆమె చూడలేదు. రాతిగుంజను కూడా ఎప్పుడో మోరీ తవ్వినప్పుడు పెరికేశారు.

"ఇది మన సందే" అన్నాడు కృష్ణప్ప. "ఆ తలుపు చూడు."

ముందున్న ఇల్లు తప్ప తక్కినవన్నీ పడగొట్టి కట్టుకున్నవే కాబట్టి సుశీలకు తట్టలేదు. తలుపు మాత్రం ఇప్పటికీ అదే. సందు మొదట్లో వెంకటేశప్ప ఇంటి తలుపు.

సుశీల గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "గీతలనుకుంటి నాయనా. నేనే చెరిపితి."

మామూలు రోజుల్లో అయితే తిరుపాలు దీనిమీద పది జోకులు వేసేవాడు. వెయ్యలేదు. ఎందుకంటే ఆ వేసవిలో, అంటే 2003లో, ఆ సందే చేయి జారిపోతూ ఉంది. వెంకటేశప్ప ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ వ్యాపారి. ముందున్న ఇల్లు కొని గోడౌన్ చేశాడు. సందు తన ఇంటికి చెందిన సొంత దారి అనీ, లోపలి ఇళ్ళవాళ్ళను దయతలచి నడవనిచ్చారనీ, ఇక గేటు పెట్టుకుంటాననీ వార్డు ఆఫీసుకు అర్జీ పెట్టాడు. గేటు చేయించి తెచ్చి సందులో గోడకు ఆనించాడు కూడా. గేటు పడితే లోపలి ఇళ్ళకు మిగిలేది వెనకవైపు మోరీ పక్కనున్న దారి. కృష్ణప్పలాంటి ముసలివాళ్ళు దానిమీద నడవలేరు, తిరుపాలు ఆటో దూరదు, ఎవరికైనా జబ్బు చేస్తే స్ట్రెచర్ తిరగదు. సందు మాది కూడా అని వీళ్ళు అంటున్నారు. చూపించడానికి ఏమీ లేదు. "మా పెద్దోళ్ళు ఇక్కడ పడుగు చేసేవాళ్ళు, ఇక్కడ రాతిగుంజ ఉండేది" అని కృష్ణప్ప చెప్పినప్పుడు వెంకటేశప్ప నవ్వాడు. "ఏడ ఉండాది గుంజ? చూపించప్పా, నేనే పూజ చేస్తా."

ఇప్పుడు ఆ గుంజ ఉన్న ఫొటో దొరికింది. దాన్ని చెరిపింది కృష్ణప్ప కూతురే.

తిరుపాలు నోరు ఊరుకునేది కాదు. మన సందు బొమ్మ ఊరంతా అమ్ముతున్నారని రెండు రోజుల్లో పేటంతా చెప్పేశాడు. అది విని వెంకటేశప్ప వచ్చి రాజగోపాల్ దగ్గర ఒక బొమ్మ కొనుక్కుని, తన గోడౌన్‌లో కౌంటరు వెనక తగిలించాడు. వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు: "మా తలుపు. ఊరేగింపు చూడనీకి జనం మా దారిలోకి వచ్చి నిలబడినారు. పడుగు లేదు, గుంజా లేదు. ముసలాయన సుమ్నే, ఊరికే కథలు చెప్తా ఉండాడు."

వార్డు ఇంజనీరు ఫలానా రోజు వచ్చి చూస్తానని కబురు పంపాడు. సుశీల రాజగోపాల్ దగ్గరికి పోయింది.

"ఆ సందు ప్రింటు కావాలన్నా. నేను టచింగ్ చేసిన అసలుది."

"ఎందుకు?"

"కడుగుతా. నీళ్ళరంగే కదా. పోతే కింద ఉండేది కనబడతాది."

రాజగోపాల్ కళ్ళద్దాలు తీశాడు. "నెగటివ్ నుంచి ఇంకొకటి అచ్చు వేసుకోరాదా?"

"ఆ పెట్టెలో సగం చెమ్మకు అతుక్కుపోలేదా? అందులోనే పాయె అది."

"కార్ఖానాలోనే కడిగి తీసుకోనిపో, మరి."

"ఇక్కడ కడిగి తీసుకోనిపోతే, గీతలు నేనే గీసినానంటాడు వెంకటేశప్ప. గీసేది నా పనే కదా. అందరి ముందర కడగాల."

"అందరి ముందర కడిగితే నా బొమ్మలన్నీ అబద్ధం అంటారే!"

"అబద్ధమే కదన్నా."

అతను కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "నా సంగతి వదిలెయ్. నీ సంగతి చూసుకో. చెరిపింది నువ్వని తెలిస్తే మీ సందోళ్ళు ఏమంటారు? నిజంగా అవి గీతలే అయితే? మీ నాయనకు వయసాయె. నువ్వు కడిగినాక అక్కడ ఏమీ లేకపోతే, ఉన్నది కూడా పాయె."

సుశీలకు కూడా ఉన్న భయం అదే. ఆమె చూసింది తెల్లటి గీతలు. వాటిని పోగులన్నది తండ్రి. ముందుగా ఒక మూల తడిపి చూసుకుందామంటే, తడిపిన మూల చూసి మళ్ళీ అదే మాట అంటారు.

"నేనైతే ఇవ్వను" అన్నాడు రాజగోపాల్ లేచి చెప్పులు వేసుకుంటూ. "అల్మైరా తాళం మేకుకు ఉండాది. నేను టీకి పోతాండా."

ఇంజనీరు వచ్చిన పొద్దున సందులో అడుగుపెట్టే చోటు లేదు. ఆయన కన్నడాయన, మాట పొదుపు మనిషి. రెండు వైపులా చెప్పింది విన్నాడు. వెంకటేశప్ప మెటల్ బొమ్మ తెప్పించి ఆయన చేతికిచ్చాడు.

"చూడండి సార్, ఇది ఇదే సందు. వాళ్ళూ అదే అంటా ఉండారు, నేనూ అదే అంటా ఉండా. మా తలుపు కనబడతా ఉండాది. పడుగు యాడుంది?"

ఇంజనీరు బొమ్మనూ తలుపునూ మార్చి మార్చి చూసి, కృష్ణప్ప వైపు తిరిగాడు. "ఏమంటారు పెద్దాయనా?"

కృష్ణప్ప నోరు తెరిచేలోపే సుశీల ముందుకు వచ్చింది. చేతిలో కార్ఖానా ప్లాస్టిక్ ట్రే, చంకలో కాగితం చుట్టిన ప్రింటు.

"అది నేను చెరిపినాను సార్."

సందులో గొణుగుడు లేచింది. నర్సమ్మ అనే పక్కింటామె గట్టిగానే అంది: "ఏందే ఇది! ఇంటి ఆడబిడ్డ చేసే పనేనా?"

"అవును పిన్నమ్మా, నేనే. తెలీక చేస్తి" అని సుశీల ట్రేని వెంకటేశప్ప గడప ముందు అరుగు మీద పెట్టింది. బిందెతో ట్రేలోకి నీళ్ళు పోసింది. ఈ రంగు ఏమిటో, ప్రింటు మీద తను ఏం చేసిందో ఇంజనీరుకు కన్నడంలో చెప్పింది. చెప్పి, ఆయన చేతిలోని బొమ్మతో ఒకసారి పోల్చుకోమని ప్రింటు చూపించింది. రెండూ ఒకటే. అప్పుడు నీళ్ళలోకి దించింది.

మొదట ఏమీ జరగలేదు. ఆమె పని అంత గట్టిది. దూదితో మెల్లగా రుద్దింది. వెంకటేశప్ప "సాకు, చాలు తల్లీ, సార్‌కు వేరే పని ఉండాది" అన్నాడు. నీళ్ళు కొద్దిగా నల్లబడ్డాయి. తర్వాత ఒక వంగిన మనిషి కుంచె కింద సన్నటి తెల్లపోగు బయటపడింది. దాని పక్కన ఇంకొకటి. సుశీల చెయ్యి వాటి వెంటే పోయింది. మధ్యలో పోగులు కొంచెం కిందికి వాలి ఉన్నాయి. ఫిల్మ్ గీత ఎక్కడా అట్లా వాలదు. వారంపైన కూర్చుని పూడ్చినప్పుడు ఆమె కంటికి అది కనబడలేదు. సందు చివర మచ్చ కరిగింది. నిలువెత్తు రాతిగుంజ, దాని చుట్టూ రెండు చుట్లు తిప్పి కట్టిన పడుగు కొస.

తిరుపాలు సందు చివరికి పరుగెత్తి గోడ దగ్గర నిలబడి, "ఇక్కడ సార్! నేనే గుంజ అనుకోండి!" అని అరిచాడు. ఇంజనీరు కూడా నవ్వేశాడు.

నవ్వి, ట్రే మీదికి వంగి చాలాసేపు చూశాడు. "ఇంతమంది ప్రతి ఇంటి నుంచి వచ్చి పనిచేసిన చోటు ఒకరి సొంత దారి ఎట్లా అవుతుంది?" అని వెంకటేశప్పను అడిగాడు.

"సార్, ఆ ఫొటో..."

"ఇదే సందని మీరే చెప్పారు కదా."

గేటుకు అనుమతి రాలేదు. వెంకటేశప్ప కోర్టుకు పోతానన్నాడు, పోలేదు. తెచ్చిన గేటు చాలాకాలం సందులో గోడకే ఆనుకుని ఉండిపోయింది. నర్సమ్మ దానిమీద చీరలు ఆరేసేది. సుశీలతో ఆమె పదిహేను రోజులు మాట్లాడలేదు. తర్వాత పులుసు గిన్నె పంపింది.

రాజగోపాల్ సుశీలను పనిలోంచి తీసెయ్యలేదు. గ్లౌజులు కూడా తెప్పించాడు. కానీ బొమ్మ మార్చలేదు. ఫిల్మ్ చేసేశాం, ఊరేగింపే పోతా ఉండాది, పడుగు ఎవురికి కావాలమ్మా అన్నాడు. కాడుగోడిలో, వైట్‌ఫీల్డులో ఎన్ని హాళ్ళలో మనవాళ్ళు ఖాళీ చేతులతో రాజుకోసం నిలబడి ఉన్నారో నాకు తెలియదు. ఇది చదివే మీ ఇంట్లో ఒకటి ఉంటే, కింద వేసిన పేరు నమ్మకండి.

ఇంజనీరు వచ్చిపోయిన తర్వాతి ఆదివారం సుశీల టీవీ పైనున్న రేకుని దింపి నేలమీద పెట్టింది. పూడ్చిన మగ్గం గుంట ఉన్న చోటే. స్కేలు, ఒక గుండుసూది తీసుకుని కూర్చుంది. కృష్ణప్ప పక్కన పీట వేసుకున్నాడు.

మొదటి గీత గీసింది. నల్లరంగు కింద నుంచి లోహం తెల్లగా మెరిసింది.

"స్కేలు పక్కన పెట్టు" అన్నాడు కృష్ణప్ప. "గంజి తడి మీద ఉండాది కదా. నడుమ కొంచెం వాలాల."